పాత జీపు ట్రైలర్‌ని క్యాంపింగ్ బండిగా మార్చుకున్న నా అనుభవం

ట్రైలర్ తయారు చేసుకుంటున్నానని చెబితే అందరూ ముందు ఖర్చు గురించే అడిగారు. ఈ పనిలో దిగాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఖర్చు కంటే ముందు చూసుకోవాల్సింది బరువు. ట్రైలర్ మీద కట్టే పెట్టె ఎంత అందంగా ఉంది, ఎన్ని అరలున్నాయి అన్నది తర్వాతి మాట. ఎంత బరువు, అది ఇరుసుకి ముందు పడుతోందా వెనక పడుతోందా అన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది.

మేముండేది తిరుపతిలో. ఇంట్లో నలుగురం, ఒక పాత బొలెరో. ఐరాల దగ్గర పెద్దనాన్న వాళ్ళ మామిడి తోపు ఉంది. తారు రోడ్డు వదిలాక మట్టి దారి, మధ్యలో ఒక వంక (చిన్న వాగు), ఆ తర్వాత రాళ్ళ గట్టు. అక్కడ పడుకోవడానికి మోటారు కొట్టం తప్ప ఏమీ లేదు. కాయలు దింపే రోజుల్లో రెండు మూడు రాత్రులు ఉండాల్సి వస్తే పొయ్యి, బియ్యం, నీళ్ళు, పరుపులు, గుడారం అన్నీ బండిలో కుక్కి, పిల్లల్ని వాటి మధ్య కూర్చోబెట్టుకుని వెళ్ళేవాళ్ళం. సామానంతా ఎప్పుడూ సర్ది ఉండి, తగిలించుకుని బయల్దేరేలా ఒక ట్రైలర్ ఉంటే బాగుంటుందన్న ఆలోచన అక్కడే మొదలైంది. పెద్ద కారవాన్ మా అవసరం కాదు. వంట చేసుకునే చోటు, నీళ్ళు, వెలుతురు, నేలకి ఎత్తుగా ఇద్దరికి పడక, పక్కన పిల్లలకి గుడారం ఉంటే చాలు.

మొదట కాగితాల సంగతి చూసుకున్నాను. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం ట్రైలర్ కూడా వాహనమే. దానికీ సొంత రిజిస్ట్రేషన్ నంబరు, ఆర్.సి. ఉండాలి. ఇనుము కొని షెడ్డులో కొత్తగా ట్రైలర్ కట్టించుకుని రోడ్డెక్కిస్తే కుదరదు, దానికి నమూనాని పరీక్షించి ఇచ్చే ఆమోదం కావాలి. ఒక్క బండి కోసం ఇంట్లో చేసుకునేవాడు ఆ పరీక్షలన్నీ చేయించడం అయ్యే పని కాదు. అందుకే ఆర్.సి. ఉన్న పాత ట్రైలర్ వెతికి కొని, దాని మీద పెట్టె కట్టుకుందామని నిర్ణయించుకున్నాను. అందులోనూ ఒక కట్టుబాటు ఉంది. చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. కాబట్టి ఛాసిస్‌నీ ఇరుసునీ తాకకుండా, పొడవు వెడల్పులు పెంచకుండా, బోల్టులు విప్పితే పెట్టె మొత్తం పైకి లేచి వచ్చేలా చేయాలనుకున్నాను. తొట్టిలో పెట్టిన సామాను ఎలాగో మా పెట్టె కూడా అలాగే. ఈ ఒక్క నిర్ణయంతో డిజైన్‌లో సగం తలనొప్పులు తీరిపోయాయి.

ట్రైలర్ పలమనేరు దగ్గర ఒక పల్లెలో దొరికింది. పాత జీపు వెనక లాగే పావు టన్ను ట్రైలర్. ఆ ఇంటివాళ్ళు ఒకప్పుడు దాంట్లో పాల క్యాన్లు, టమాటా పెట్టెలు తోలేవాళ్ళట. ఈ రకం ట్రైలర్‌కి పెద్ద చరిత్రే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో జీపుల వెనక లాగడానికి అమెరికాలో బాంటమ్ కంపెనీ చేసిన ట్రైలర్ దీనికి మూలం. ఏరు దాటేటప్పుడు తేలాలని దాని తొట్టిని నీళ్ళు చొరకుండా చేశారు. నాకు దొరికినదాని తొట్టి లోపలి కొలత ఆరడుగుల పొడవు, నాలుగడుగులకి కొంచెం తక్కువ వెడల్పు. అడుగున రేకు రెండు చోట్ల తుప్పు తినేసింది గానీ ఛాసిస్ ఛానల్ మాత్రం సుత్తితో కొడితే ఖంగుమంది. ఛాసిస్ నంబరు ఆర్.సి.తో సరిపోయిందో లేదో అక్కడే గీకి చూసుకుని, ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించుకున్నాకే డబ్బులిచ్చాను. ఎన్నాళ్ళుగానో కదలని బేరింగులతో మొగిలి ఘాట్ దిగడం నాకిష్టం లేక పికప్‌లో ఎక్కించి తెచ్చాను. పేరు మారాక ఇన్సూరెన్సు వాళ్ళకి రాతపూర్వకంగా చెప్పి ట్రైలర్‌ని పాలసీలో చేర్పించాను.

పని అంతా రేణిగుంట రోడ్డులో ఒక వెల్డింగ్ షెడ్డులో జరిగింది. మేస్త్రీ నాకంటే పదేళ్ళు పెద్దవాడు, నేను అన్నా అంటాను, ఆయన నన్ను సార్ అంటాడు. ట్రాక్టర్ ట్రాలీలు, షాపుల షట్టర్లు చేసి చేసి చేతికి కొలత వచ్చేసిన మనిషి. ముందు ఇరుసు మీద బరువు మోసే కమాన్ కట్టలు, అంటే పట్టీల స్ప్రింగులు, విప్పాం. ఒక్కో పట్టీని వైరు బ్రష్షుతో రుద్ది, మధ్యలో గ్రాఫైట్ గ్రీజు రాసి, కొత్త సెంటర్ బోల్టు, కొత్త బుష్షులు వేసి బిగించాం. యూ బోల్టులు ఒకసారి బిగించి వదిలేసేవి కావు. లోడు వేసి కొంత దూరం తిప్పాక కట్టలు సర్దుకుని వదులవుతాయి, అప్పుడు మళ్ళీ బిగించాలి.

బేరింగుల దగ్గర మేస్త్రీ నా చేతే చేయించాడు. టేపర్ రోలర్ బేరింగులు అవి. గ్రీజుని అరచేతిలో పెట్టుకుని, బేరింగ్ అంచుని దాంట్లోకి నొక్కుతూ రావాలి. రోలర్ల మధ్యలోంచి అవతలి వైపు గ్రీజు చిన్న చిన్న ముద్దలుగా పైకి వచ్చేదాకా ఆపకూడదు. తర్వాత చక్రాన్ని చేత్తో తిప్పుతూనే నట్టు బిగించి, చక్రం బరువుగా తిరుగుతోందనిపించగానే కొంచెం వెనక్కి వదిలి స్ప్లిట్ పిన్ను వేయాలి. గట్టిగా బిగిస్తే వేడెక్కి పట్టేస్తుంది, వదులుగా ఉంటే చక్రం ఊగుతుంది. ఇప్పటికీ ఎక్కడ ఆగినా ముందు రెండు హబ్బుల మీదా, అంటే బేరింగులుండే చక్రం నడిబొడ్డు మీద, చెయ్యి పెట్టి చూస్తాను. వేడి గోరువెచ్చగా ఉంటే సరే. మా వంక దాటే ముందు కాసేపు ఆగడం కూడా ఇందుకే. కాలిన హబ్బు చల్లటి నీళ్ళలో దిగితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని సీలు సందుల్లోంచి నీళ్ళని లాక్కుంటుంది. అలా నీళ్ళు చొరబడితే బేరింగ్ ఎక్కువ రోజులు ఉండదు.

అసలు చర్చ పెట్టె పైపుల దగ్గర వచ్చింది. మేస్త్రీ 40 మిల్లీమీటర్ల చదరపు పైపు, 3 మిల్లీమీటర్ల మందం తీసుకోమన్నాడు. నేను 25 మిల్లీమీటర్లది, 2 మిల్లీమీటర్ల మందం చాలన్నాను.

"ఇంత సన్నం పైపు రాళ్ళ దారిలో యాడ నిలబడుతుంది సార్? రేపు విరిగితే నా పని బాగాలేదంటారు."

నేను గోడ మీద సుద్దతో లెక్క వేశాను. పెట్టెకి కావాల్సింది 24 మీటర్ల పైపు. లావుది మీటరు మూడున్నర కిలోల దగ్గర, అంటే 80 కిలోలు దాటుతుంది. సన్నది మీటరు కిలోన్నర లోపు, మొత్తం 35 కిలోలు. ట్రైలర్ మోయగలిగేదే పావు టన్ను, అంటే 250 కిలోలు. దాంట్లో మూడో వంతు ఉత్త పైపులకే పోతే నీళ్ళెక్కడ, బియ్యమెక్కడ? ఈ పెట్టె మీద లారీ లోడు పడదు, అది తన బరువునీ పైన పడుకున్న ఇద్దరినీ మోస్తే చాలు. బలం పైపు లావులో కంటే మూలల్లో వేసే ముక్కోణపు ప్లేట్లలో ఉంటుందని చెప్పాను. ఆయన కాసేపు గోడ వైపు చూసి, "అట్లయితే మూలమూలకీ గసెట్ వేద్దాం" అన్నాడు. ఆ తర్వాత సుద్ద లెక్క రాసే పని ఆయనే తీసుకున్నాడు. కీలు, గొళ్ళెం, స్క్రూల ప్యాకెట్టు ఏది వచ్చినా ముందు తూకం వేసి గోడ మీద రాసేవాడు.

ముందు అన్ని కీళ్ళకీ ట్యాకులు, అంటే నిలబడడానికి చుక్కల్లాంటి చిన్న వెల్డింగులు, మాత్రమే వేసి, మూల నుంచి మూలకి రెండు వైపులా టేపు పట్టి చూశాం. రెండు కర్ణాలూ సమానంగా వస్తేనే చట్రం చదరంగా ఉన్నట్టు. ఒకేచోట పొడుగ్గా వెల్డింగ్ లాగితే సన్నం పైపు వేడికి వంగిపోతుంది. అందుకే ఇటు ఒక అంగుళం, అటు ఒక అంగుళం మార్చి మార్చి వేశాడు. ప్లైవుడ్, జి.ఐ. రేకు రెండూ లెక్కలో బరువయ్యాయి. షాపుల బోర్డులకి వాడే ఏసీపీ షీటు (రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండేది) 4 మిల్లీమీటర్లది చదరపు మీటరుకి ఐదున్నర కిలోల దగ్గర తూగింది, దాన్నే తీసుకున్నాం. నీళ్ళకి ఉబ్బదు, తుప్పు పట్టదు. పైకప్పు తెల్లదే వేశాం, మే నెల రేణిగుంట ఎండ తెలిసినవాళ్ళకి కారణం చెప్పక్కర్లేదు. పెట్టె వెనక భాగం కింది అంచుని ఏటవాలుగా కోసి కట్టాం, వంకలోంచి గట్టెక్కేటప్పుడు తోక నేలకి తగలకుండా.

నేను అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టింది దుమ్ము మీద. మా వైపు ఎర్రమట్టి దారుల్లో వెళ్ళినవాళ్ళకి తెలుసు, ఆ దుమ్ము పిండి కంటే మెత్తగా ఉంటుంది. బండి ముందుకు పోతుంటే దాని వెనక గాలి పీడనం తగ్గుతుంది. చుట్టూ లేచిన దుమ్ము ఆ ఖాళీలోకి సుడి తిరుగుతూ వస్తుంది, వెనక తలుపులో వెంట్రుకంత సందున్నా లోపలికి పోతుంది. వంటగది అంతా వెనక తలుపు దగ్గరే ఉంది కాబట్టి ఇది వదిలేసే విషయం కాదు. రాత్రి షెడ్డులో లైట్లన్నీ ఆర్పేసి, పెట్టె లోపల బల్బు వెలిగించి తలుపులు మూసి చుట్టూ తిరిగి చూశాం. గీతలుగా వెలుతురు కనబడిన ప్రతిచోటా సుద్దతో గుర్తు పెట్టాం. తలుపుల చుట్టూ బస్సు డిక్కీలకి వేసే రబ్బరు బీడింగ్ వేశాక దాని మీద సుద్దపొడి రాసి తలుపు మూసి తెరిచాం. తలుపు అంచున తెల్ల గీత తెగకుండా పడితే రబ్బరు అంతటా ఆనుతున్నట్టు. కింది ఎడమ మూలలో జానెడు మేర గీత పడలేదు. అక్కడ గొళ్ళెం పావు అంగుళం జరపగానే సరిపోయింది.

అంతటితో ఆగకుండా పెట్టె ముందు వైపు పైన చిన్న గాలి తూము పెట్టాం. దానికి స్పాంజి ఫిల్టర్ ఉంది. బండి కదులుతుంటే ఎదురుగాలి ఆ తూములోంచి లోపలికి తోసుకొస్తుంది, లోపలి పీడనం బయటికంటే కొంచెం ఎక్కువవుతుంది. ఏదైనా చిన్న సందు మిగిలినా గాలి దాంట్లోంచి బయటికే పోతుంది తప్ప దుమ్ము లోపలికి రాదు. తోపు దారిలో వెళ్ళొచ్చాక తలుపు తీసి, మా ఆవిడ స్టీలు పళ్ళెం మీద వేలు రాసి చూపించింది. వేలికి ఏమీ అంటలేదు. నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే తృప్తినిచ్చింది అదే.

కరెంటు పని సులువుగానే అయింది. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ 12 కిలోలు తూగింది. ఇన్వర్టర్లకి వాడే ట్యూబులర్ బ్యాటరీ అయితే 50 కిలోలు దాటుతుంది, ధర తక్కువైనా దాని జోలికి పోలేదు. పైన 100 వాట్ల సోలార్ ప్యానెల్, బ్యాటరీ పక్కనే ఫ్యూజు. వెనక లైట్లకి ఏడు పిన్నుల ప్లగ్గు వేశాం. ఒక్క మాట మాత్రం చెప్పాలి: ఎర్తుకి హుక్కుని నమ్ముకోవద్దు, విడిగా తెల్ల వైరు లాగండి. హుక్కు దగ్గర గ్రీజు, దుమ్ము చేరితే ఎర్తు తెగుతుంది, ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు మిణుకుమంటుంది. గ్యాసుకి 5 కిలోల చిన్న సిలిండరు, బయటికి మాత్రమే తెరుచుకునే విడి అరలో. వంటగ్యాసు గాలికంటే బరువు, కారితే అడుగున చేరుతుంది, కాబట్టి ఆ అరకి గాలి రంధ్రాలు కింద ఉండాలి. నీళ్ళకి ట్యాంకు కట్టించలేదు. 20 లీటర్ల క్యాన్లు రెండు ఇరుసుకి సరిగ్గా పైన కూర్చునేలా గూళ్ళు చేయించాను. ఎక్కడైనా మార్చుకోవచ్చు, కడుక్కోవడం తేలిక.

ఇక హుక్కు మీద పడే బరువు. ట్రైలర్ మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం హుక్కు మీద ఉండాలి. అంతకంటే తక్కువైతే వేగం అందుకోగానే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది, ముందున్న బండిని కూడా లాగేస్తుంది. ఎక్కువైతే బొలెరో వెనక భాగం కుంగి, ముందు చక్రాలకి పట్టు తగ్గుతుంది. మేస్త్రీ ఏటా ఆడికృత్తికకి తిరుత్తణికి కావడి మోసే మనిషి. ఆయనకి విషయం చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. "కావడి అయితే రెండు పక్కలా సమం ఉండాల. దీనికి ముందు పక్క కొంచెం వంగాల, అంతే కదా సార్" అన్నాడు. అంతే.

దామలచెరువులో తెలిసినవాళ్ళ మామిడి మండీకి ట్రైలర్ తీసుకెళ్ళి, ప్రయాణానికి సర్దినట్టే అన్నీ సర్ది తూకం వేశాం. ట్రైలర్ ఖాళీగా 260 కిలోలు, పెట్టె, సామాను, నీళ్ళు, గ్యాసు కలిపి 249. మొత్తం 509 కిలోలు. తర్వాత ఛాసిస్ నేలకి సమాంతరంగా ఉండేలా చూసుకుని, బండి హుక్కుకి తగిలించే ట్రైలర్ ముందు కొస రింగు కింద చెక్క దిమ్మె పెట్టి కాటా మీద ఆనించాం. 62 కిలోలు, అంటే పన్నెండు శాతం. మా ఆవిడ అక్కడే ఉంది. వంట వెనక వైపు కదా, 25 కిలోల బియ్యం మూట కూడా వెనకే ఉంటే సులువు కదా అంది. మాట్లాడకుండా మూట తీసి వెనక అరలో పెట్టి మళ్ళీ చూశాం. కాటా 44 చూపించింది. ఒక్క బియ్యం మూట స్థలం మారితే పద్దెనిమిది కిలోలు తగ్గింది, పది శాతం కిందికి వచ్చేసింది. ఆ తర్వాత ఏ వస్తువు ఎక్కడ ఉండాలో ఆవిడే పేరు రాసి అరలకి అంటించింది. మా పిల్లలకి కూడా ఆ చోట్లు కంఠతా వచ్చేశాయి.

హుక్కు విషయంలో పాత ట్రైలర్‌కి ఉన్న రింగునే ఉంచి, బొలెరోకి పింటిల్ హుక్కు, అంటే రింగుని పట్టుకుని పైనుంచి మూసుకునే కొక్కెం, పెట్టించాను. బంపర్‌కి కాకుండా ఛాసిస్ రెండు పట్టాలకీ ప్లేటు వేసి, 8.8 గ్రేడు బోల్టులతో. టకటకమని చప్పుడు చేస్తుంది గానీ, బండి ఒక వైపు, ట్రైలర్ ఇంకో వైపు ఒరిగినా రింగు దాంట్లో తిరుగుతుంది, ఎక్కడా మెలిపడదు. కింద రెండు గొలుసులు అడ్డంగా ఒకదాని మీద ఒకటి వచ్చేలా కట్టాలి. పొరపాటున రింగు ఊడినా ముందు భాగం ఆ గొలుసుల మీద పడుతుంది, రోడ్డులో గుచ్చుకోదు.

రివర్స్ నేర్చుకోవడానికి తెల్లవారుజామున ఖాళీ మైదానానికి వెళ్ళేవాణ్ణి. స్టీరింగ్‌ని అడుగు భాగంలో ఒక చేత్తో పట్టుకోండి. ట్రైలర్ ఏ వైపు పోవాలో చేతిని ఆ వైపు జరపండి. తల తిరిగే లెక్కలన్నీ పోతాయి. చిన్న ట్రైలర్ పెద్దదానికంటే త్వరగా మడతపడుతుంది కాబట్టి చెయ్యి చాలా కొద్దిగా కదపాలి. రోడ్డు మీద నేను గంటకి 60 దాటను. దీనికి సొంత బ్రేకులు లేవు, ఆపాల్సిన బరువంతా బొలెరో మీదే పడుతుంది. భాకరాపేట ఘాట్‌లో దిగేటప్పుడు పైనే గేరు తగ్గించి అదే గేరులో కిందిదాకా రావాలి. బ్రేకు నొక్కిపెట్టి దిగితే లైనర్లు కాలిపోయి, అవసరమైన మలుపులో పట్టు ఉండదు.

ఎక్కడ మకాం వేయాలన్నది కూడా చెప్పాలి, ఎందుకంటే మన చుట్టూ ఉన్న అడవి మామూలు అడవి కాదు. శేషాచలం 2010లో బయోస్ఫియర్ రిజర్వు అయింది. తలకోన ఉన్నది శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో. అనుమతి లేకుండా అక్కడ గుడారం వేయకూడదు, వేయాలని నాకూ లేదు. పైగా ఎర్రచందనం పెరిగే నేల ఇది. మూసి ఉన్న పెట్టె ట్రైలర్ రాత్రిపూట అడవి అంచు రోడ్డులో పోతుంటే చెక్‌పోస్టులో ఆపడం న్యాయమే. అందుకే ఒకే తాళంతో అన్ని తలుపులూ పూర్తిగా తెరుచుకునేలా చేయించాను, కాగితాలు ముందు అరలోనే ఉంటాయి. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం అంచున ఏనుగులు తిరుగుతాయి. పనసపండు, బెల్లం, అరటి వాసన వాటిని చాలా దూరం నుంచి లాగుతుంది. ఆ వైపు పొలాల్లో ఎవరు రమ్మన్నా పగలు చూసుకుని వచ్చేస్తాం, రాత్రి ఉండం.

మా మకాం చాలావరకు పెద్దనాన్న తోపులోనే. మొన్న బెంగుళూర కాయలు దింపే రోజుల్లో ట్రైలర్ అక్కడే ఉంది. వెనక తలుపు కిందికి దించితే అదే వంట బల్ల. రాగిసంకటి కెలకడానికి ఆ ఎత్తు బాగా సరిపోయిందని మా ఆవిడ చెప్పింది. కూలికి వచ్చిన ఆడవాళ్ళు కూడా అక్కడే టీ పెట్టుకున్నారు. పెద్దనాన్న మోటారు కొట్టంలో మంచం వదిలి రానన్నాడు గానీ, రాత్రి రెండుసార్లు వచ్చి ఎల్ఈడీ దీపం కింద మండీ పట్టీల లెక్క చూసుకుని వెళ్ళాడు.

మిగిలిన పని ఒకటుంది. ఖాళీగా వెళ్ళేటప్పుడు రాళ్ళ మీద ట్రైలర్ ఎగురుతోంది. కమాన్ కట్టలు ఒక్కటే ఉంటే ఊపుని ఆపేది లేదు. పాత తరహా జీపు షాక్ అబ్జార్బర్లు ఒక జత మేస్త్రీ తెచ్చి షెడ్డులో పెట్టాడు. ఛాసిస్‌ని కోయకుండా, రంధ్రం చేయకుండా క్లాంపుతో బిగించే బ్రాకెట్ గీసి ఇచ్చాను. ఈశాన్య రుతుపవనాలు మొదలై వంకకి నీళ్ళు రాకముందే అది బిగించి, మళ్ళీ ఒకసారి మండీ కాటా మీద పెట్టి చూసుకోవాలి.